కుదపని సీసా

ఆ ఊళ్ళో ఏ గోధుమరంగు సిరాతో సంతకం పెడితే సాయంత్రానికల్లా ఆ ఛాయే ఒంటికి వచ్చేస్తుంది కనుక, తాలూకా ఆఫీసులో సిరాలు సరిచూసే గుమస్తా పోస్టు ఎప్పటినుంచో ఉంది. ప్రస్తుతం సుభాషిణి ఆ కుర్చీలో ఉంది. ఒక్కో ఉద్యోగికి ఒక్కో సీసా. అద్దుడు కాగితం మీద గీత గీసి, ఆ మనిషి మోచేతి పక్కన పెట్టి చూస్తుంది. ఎరుపు తిరిగితే నల్లచుక్క, మసకబారితే పసుపుచుక్క వేసి సరిచేస్తుంది.

ఈ సిరాల్లో రంగుపొడి అడుక్కి దిగిపోతుంది. దగ్గుమందు కుదిపినట్టు కుదిపి కలంలో పోయాలి. బస్సు ఆలస్యమైన ఓ శుక్రవారం సుభాషిణి తన సీసా కుదపడం మరిచిపోయి, పైతేటతో సంతకం పెట్టేసింది. సాయంత్రానికి పాలెక్కువైన టీలా తయారైంది. ఇంకేముంది, ఆఫీసంతా సంబరమే!

"ఇన్నాళ్ళూ ఈ రంగు ఎక్కడ దాచావమ్మా? రేపట్నుంచి ముందు కౌంటర్లో కూర్చో" అన్నారు సూపరింటెండెంటు అచ్యుతరావు గారు.

ఇంటికెళితే నాలుగేళ్ళ కూతురు ఇందు తలుపు చాటున నక్కింది. "మా అమ్మ ఇంకా రాలేదండి, తర్వాత రండి" అంది మర్యాదగా.

తెల్లారి సీసా బాగా కుదిపి తన పాత రంగు తెచ్చుకుందామనుకుంది. అప్పటికే సర్క్యులర్ వచ్చేసింది. ఇకపై ఎవరూ సీసాలు కుదపరాదు, అడుగు మడ్డి వృథా చేయరాదు. ఆ మడ్డి అంతా అటెండరు గవరయ్య కలంలోకి పోశారు. సాయంత్రానికి అందరూ తెల్లబడి, ఒకరి బుగ్గలు ఒకరు చూసుకుని మురిసిపోతుంటే, గవరయ్య మూల చీకట్లో కలిసిపోయి, దగ్గితే తప్ప స్టూలు మీద ఉన్నాడో లేడో తెలియలేదు. హాజరుపట్టీలో గైర్హాజరు వేశారు.

"అయ్యా, ఇక్కడే ఉన్నానండి."

"ఉన్నావు సరే గవరయ్యా, కనిపించాలి కదా" అన్నారు అచ్యుతరావు గారు, ఎంతో ప్రేమగా.

సుభాషిణి అది చూసింది. ఆదివారం పొద్దున రెండు కలాలు ముందు పెట్టుకుంది. ఒకదాంట్లో ఇంట్లో ఉన్న పాత సీసా బాగా కుదిపి పోసిన తన సొంత రంగు, ఇంకోదాంట్లో పైతేట. మొదటిది చేతిలోకి తీసుకుంది. కౌంటరు కుర్చీ గుర్తొచ్చింది, గవరయ్య స్టూలూ గుర్తొచ్చింది. దాన్ని పక్కన పెట్టేసింది.

"రామ్మా, నీ పేరు రాయడం నేర్పిస్తాను" అని బిస్కెట్టు చూపించి ఇందుని పిలిచింది. రెండో కలం ఆ చిట్టివేళ్ళ మధ్య పెట్టి రాయించింది.

సాయంత్రం పిల్ల తల్లి చేతిని, తన చేతిని పక్కపక్కన పెట్టి చూసుకుని, "అమ్మా, వచ్చేశావా" అంటూ ఒళ్ళో వాలిపోయింది. సుభాషిణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

కాసేపటికి ఇందు అద్దంలోకి చూసి అడిగింది.

"అమ్మా, ఈ పాప ఎవరు?"

"నువ్వే" అంది సుభాషిణి, సీసా కదలకుండా జాగ్రత్తగా బీరువాలో పెడుతూ.