శూన్యశబ్ద సంహారము

దినములలో మంగళవారమున, ఇంకను టీ రాని ప్రాతఃకాలమున, టైర్ల దుకాణము మీది రెండు గదుల వైజ్ఞానిక మాసపత్రికా కార్యాలయమున, పాఠకుల యుత్తరముల కట్ట విప్పుచుండెను సంపాదకశిఖామణి. ఎవ్వడా మహానుభావుడు? పదునేడేండ్లుగా గగనయాత్రా ధారావాహికను టెలివిజనుకు వ్రాసి, నూట నాలుగు గ్రహములను సృజించి నూట మూడింటిని పేల్చిన ప్రళయకాలరుద్రుడు. ఐనను సొంత బీరువా తలుపు ఒక్కమారైనను సరిగా మూయలేని గృహస్థుడు.

అందొక యుత్తరము బాణమై నాటెను. సైన్సు మాస్టారొకరు వ్రాసిరి: "అయ్యా, శూన్యంలో శబ్దం వినపడదని మీ పత్రికలో రాస్తారు. మీ సీరియల్లో ఓడ పేలితే ఢామ్మంటుంది. పిల్లలు అడుగుతున్నారు. పత్రికలో మిమ్మల్ని నమ్మాలా, టీవీలో మిమ్మల్నా?"

చించుటకు రచయిత చేయి సాగెను; అచ్చువేయుటకు సంపాదకుని చేయి సాగెను. రెండు చేతులును ఒక్కనివే యగుటచే కాగితము నలిగెను గాని, తుదకు సంపాదకుడే గెలిచెను.

అంతట ధర్మక్రోధారుణనేత్రుడై, గొడుగును గదవలె భుజమున నిడి, రెండు బస్సులు మారి, స్టూడియోలోని ఎడిటింగు గదిని ముట్టడించి, బిస్కెట్టు టీలో ముంచుచున్న నిర్మాతనుద్దేశించి యిట్లు గర్జించెను:

"ఓయి నిర్మాతా! గాలి లేని చోట ఢామ్మను ధ్వనిని పదునేడేండ్లు మ్రోగించి పాపపంకమున మునిగితిమి! ఈ వారపుటోడ మౌనముగా మరణించుగాక!"

"గురువుగారూ, మామూలుగా మాట్లాడండి, నాకసలే తలనొప్పి. ఢామ్మంటే అర సెకనులో అయిపోతుంది. మౌనం తెలియాలంటే మూడు సెకన్లు ఎక్కువ కావాలి. ఎక్కణ్నించి తేను? సూది దూర్చే సందు లేదు."

వీరుడు తెర వంక చూచెను. తుదిని 'కథ, మాటలు' అను నక్షరముల క్రింద తన నామధేయము వెలుగు కాలము సరిగా మూడు సెకన్లు. గ్రాంథికము జారిపోయెను.

"నా పేరు తీసెయ్యండి."

"మీ పేరా? ఒక్కసారి దీర్ఘం ఎగిరిపోతే మూడు వారాలు అలిగారు కదండీ!"

"తీసెయ్యండి బాబూ. మళ్ళీ మనసు మారుతుంది."

శనివారము సాయంకాలము తెరపై ఓడ పేలెను. నిశ్శబ్దము. ఇల్లాలి చేతి ఇస్త్రీపెట్టె గాలిలో నిలిచెను. ఇన్నేండ్లు వేనవేల యోడలు ఢాంఢామ్మని కూలినను కునుకు చెడని అత్తగారు కన్నులు తెరచి, "అయ్యో, అందులో మనుషులున్నారా అల్లుడుగారూ?" అనెను.

"ఉన్నారండీ. పదకొండు మంది."

"పాపం," అని యామె చెంగుతో కళ్ళద్దములు తుడుచుకొనెను.

భాగము ముగిసెను. "మీ పేరు పడలేదేంటండీ?" అని ఇల్లాలడిగెను.

"నేనూ అదే అనుకున్నా. ఈ వారం ఎవరో బాగా రాశారు," అనెను అత్తగారు.

ఇట్లు శబ్దాసురుని సంహరించి, త్రిసెకను సామ్రాజ్యమునకు పట్టాభిషిక్తుడైన యా వీరవరేణ్యుడు, 'నేనే' యను రెండక్షరములను గొంతులోనే నొక్కిపట్టి, నాలుగవ సెకనును సైతము జయించెను.