మూడూళ్ల కంపెనీ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలను ఒకే రోజున ప్రపంచ పటంలోకి ఎక్కిస్తామని మంత్రిగారు ప్రకటించారు. అప్పటిదాకా ఆ మూడూళ్లు ఏ పటంలో ఉన్నాయో చెప్పలేదు. చాలా పెద్ద టెక్నాలజీ కంపెనీ ఒకటి మూడు చోట్లా సెంటర్లు తెరవబోతోందన్నారు. కంపెనీ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, నాలుక తిరగక, "పేరు ముఖ్యం కాదు, ఉద్యోగాలు ముఖ్యం" అన్నారు. ఎంత లోతైన మాట! విలేకరులు వెంటనే రాసుకున్నారు.

"ఒక్క రోజులో మూడు ప్రారంభోత్సవాలు ఎట్లా సార్?" అని ఒకాయన అడిగాడు.

"టెక్నాలజీ," అన్నారు మంత్రిగారు.

మాడుగులపల్లి మణెమ్మకు ఈ సంగతి పేపర్లకంటే ముందే తెలుసు. ఆమె కూతురు స్వర్ణ మూడు నెలలుగా ఆ కంపెనీలోనే చేస్తోంది. వేములపల్లి ప్రైవేటు బడిలో పంతులమ్మ కొలువు వదులుకుని మరీ చేరింది. రెండు బస్సులు మారి సూర్యాపేట పోతుంది. ఫంక్షన్ హాలు మేడ మీద కంప్యూటర్ ముందు సాయంత్రం దాకా కూర్చుని వస్తుంది.

"గంత సేపు ఏం పని జేస్తవ్ బిడ్డా?" అని మణెమ్మ ఒకసారి అడిగింది.

"పని ఇంక రాలేదమ్మా. పైప్‌లైన్ల ఉందట."

"మనూరి మంచినీళ్లు గూడ శానేండ్ల సంది పైప్‌లైన్లనే ఉన్నయి," అంది మణెమ్మ.

పని రాకపోయినా కంపెనీ ఊరుకోలేదు. ముందు కల్చర్ నేర్పింది. బూట్లు వేసుకోవడం, పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్పడం, ఖాళీగా కూర్చున్నప్పుడు బిజీగా కనపడడం. పెద్ద కంపెనీల్లో పైవాళ్లను కూడా పేరు పెట్టే పిలుస్తారట. అందుకని హెచ్చార్ చూసే లింగస్వామి, తనను "లింగా" అని పిలవాలని ఆర్డర్ వేశాడు. నిన్న మొన్నటిదాకా అతను పార్టీ యువజన విభాగం మండల అధ్యక్షుడు. "లింగా" అనబోయి పిల్లలందరూ "లింగా సార్" అనేవాళ్లు. అది కూడా కల్చరేనని అతను ఒప్పుకున్నాడు.

స్వర్ణకు కావలసింది ఒక్కటే, కన్ఫర్మేషన్. ప్రారంభోత్సవం రోజున కంపెనీ సీనియర్ వైస్ ప్రెసిడెంట్ స్వయంగా వచ్చి, పని చూసి, కన్ఫర్మ్ చేస్తాడని చెప్పారు. వదులుకున్న బడి కొలువులో అప్పటికే ఇంకో అమ్మాయి చేరిపోయింది.

ముందు రోజు సాయంత్రం లింగస్వామి బండి మణెమ్మ ఇంటి ముందు ఆగింది.

"పెద్దమ్మా, నువ్వు రేపు సాఫ్ట్‌వేర్ కావాలె."

"నేను నాటెయ్యనీకి పోవాలె," అంది మణెమ్మ.

"ఒక పిలగాడు బ్యాంకు పరీక్ష ఉందని ఖమ్మం ఉరికిండు. ఒక్క కుర్చీ ఖాళీగ కనవడ్డా సెంటర్ క్యాన్సిల్. నీ బిడ్డ నౌకరి నీ చేతులనే ఉంది. నువ్వు మీటింగులకు కొత్తా ఏంది?"

కొత్త కాదు. ఏ పార్టీ మీటింగైనా ఆ ఊరి డీసీఎం వ్యానులో మొదట ఎక్కేది మణెమ్మే. ఎక్కేటప్పుడు మెడలో కండువా వేస్తారు. మీటింగ్ అయ్యాక కండువా తీసి సంచిలో వేయాలి, బిర్యానీ ప్యాకెట్ తీసుకోవాలి. కండువా ఇవ్వనిదే ప్యాకెట్ లేదు. ఈ పద్ధతిలో మణెమ్మ ఇంతవరకూ ఏ పార్టీకీ అన్యాయం చేయలేదు.

"అయితే ఎప్పుడెప్పుడు సప్పట్లు కొట్టాలె?" అని అడిగింది.

"కొట్టద్దు! సాఫ్ట్‌వేరోళ్లు సప్పట్లు కొట్టరు. కంప్యూటర్ టీవీ దిక్కు సూస్కుంట పరేషాన్ల ఉన్నట్టు మొకం పెట్టు. సాలు."

అది మణెమ్మకు కష్టం కాలేదు.

మర్నాడు సూర్యాపేటలో మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. ఉక్కపోస్తున్నా పక్కన వైస్ ప్రెసిడెంట్ నల్లకోటు తొడుక్కుని నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి, ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. ఏది చూపించినా "ఎక్సలెంట్" అన్నాడు. కంప్యూటర్ చూసి ఎక్సలెంట్ అన్నాడు, కూలర్ చూసి కూడా అన్నాడు.

మంత్రిగారు తిరిగి తిరిగి మణెమ్మ దగ్గరే ఆగారు. "ఏం చేస్తున్నవమ్మా?"

మణెమ్మ నోటిదాకా "జిందాబాద్" వచ్చింది. మింగి, "పని పైప్‌లైన్ల ఉంది సార్," అంది.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఈ వయసులో ఇంత పరిజ్ఞానమా అన్నారు. "ఎక్సలెంట్," అన్నాడు వైస్ ప్రెసిడెంట్.

మంత్రిగారు భోజనానికి గెస్ట్ హౌస్‌కు వెళ్లగానే హమాలీలు మేడ ఎక్కారు. కంప్యూటర్లన్నీ ఒక డీసీఎంలోకి దిగాయి, ఉద్యోగులు ఇంకో డీసీఎంలోకి ఎక్కారు. బ్యానర్ మీద సూర్యాపేట అన్నచోట కోదాడ అని కాగితం అతికించారు.

డీసీఎం ఎక్కుతూ స్వర్ణ ఆగిపోయింది. "అమ్మా, గిదేంది? కోదాడకు వేరేవాళ్లు లేరా?"

మణెమ్మ మాత్రం రెండు సంగతులు గమనించింది. ఒకటి, ఎవరూ ప్యాకెట్లు పంచలేదు. రెండు, మెడలో వేసిన ఐడీ కార్డులు ఎవరూ తిరిగి అడగలేదు.

"జూటా నౌకరి అయితే కార్డు గుంజుకొని ప్యాకెట్ ఇస్తుండె. కార్డు ఉంచిండ్రు, అన్నం పెట్టలే. గిది అసలు నౌకరే బిడ్డా, ఎక్కు," అంది. ఖాళీ కడుపుతో ఆమెకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

కోదాడలో మంత్రిగారు ఉద్యోగులను పరిశీలించి, సూర్యాపేట వాళ్లకంటే కోదాడ వాళ్లలో చురుకు ఎక్కువన్నారు. నీళ్ల గుణమన్నారు. మణెమ్మను చూసి, "ఈమె సీనియర్‌లాగ ఉంది, ముందు కూర్చోబెట్టండి" అని సలహా ఇచ్చారు. లింగస్వామి వెంటనే ఆమె బల్ల మీద టీమ్ లీడర్ అని రాసిన అట్టముక్క నిలబెట్టాడు.

మిర్యాలగూడలో సెంటర్ ఒక రైస్‌మిల్లు గోదాములో పెట్టారు. తవుడు ఎగరకుండా నేలంతా నీళ్లు చల్లారు. అప్పటికి మణెమ్మ మేనేజర్ అయింది. పొద్దున్న ఉద్యోగంలో చేరి, చీకటి పడకముందే అంత ఎత్తుకు ఎదిగినవాళ్లు ఎంత పెద్ద కంపెనీలోనైనా అరుదు. మూడు నెలలుగా చేస్తున్న స్వర్ణ వెనక వరసలో ట్రైనీగానే ఉండిపోయింది.

"మేనేజర్‌వి గద, నా కన్ఫర్మేషన్ నువ్వే ఇయ్యరాదే," అంది వెనకనుంచి.

"మాట్లాడకు, పని సూస్కో," అంది మణెమ్మ. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ మాట దానంతటదే వచ్చింది.

మిర్యాలగూడ వాళ్లు మిగతా రెండూళ్లను మించిపోయారని మంత్రిగారు మెచ్చుకున్నారు. ఈ ఒక్క రోజుతో మూడూళ్ల నిరుద్యోగం ఖతమని ప్రకటించి కారెక్కారు. వెనకే విలేకరులూ పోయారు.

ఆ సందులో స్వర్ణ లేచింది. మూడు నెలలు నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని వైస్ ప్రెసిడెంట్ ఎదుట నిలబడింది. తన డిగ్రీ గురించి, వదులుకున్న బడి గురించి చెప్పి, కన్ఫర్మేషన్ ఎప్పుడొస్తుందని అడిగింది. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

"డెఫినెట్లీ," అన్నాడు.

స్వర్ణ పరుగున వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఎక్సలెంట్ అనలే. డెఫినెట్లీ అన్నడు!"

మణెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సరిగ్గా అప్పుడే గోదాము గుమ్మం దగ్గర మసాలా వాసన వచ్చింది. చూస్తే లింగస్వామి. ఒక పక్క బిర్యానీ ప్యాకెట్ల బుట్ట. ఇంకో పక్క నోరు తెరిచిన గోనెసంచి.

"లైన్ల రాండ్రి, లైన్ల! కార్డు సంచిలెయ్యి, ప్యాకెట్ తీస్కో!"

అలవాటు ప్రకారం మణెమ్మ చెయ్యి మెడ దగ్గరికి పోయింది. మేనేజర్ కార్డు సంచిలో పడింది. వెనక స్వర్ణ తన కార్డును గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"నేనియ్య. గిది కంపెనీ కార్డు."

"స్వర్ణా, లైన్ ఆపకు."

"నాకు ప్యాకెట్ వద్దు. నేను వైస్ ప్రెసిడెంట్ సార్‌తోని మాట్లాడిన. డెఫినెట్లీ అన్నడు. కావాలంటె ఆయన్నే అడుగు!"

"లింగన్నా, ఆ పాపది తర్వాత చూద్దువుగాని, ముందు నన్ను పంపెయ్యవా?" అన్నారెవరో స్వర్ణ వెనకనుంచి. "కోదాడ బస్సు పోద్ది. పొద్దుట్నించీ ఈ కోట్లో ఉడికి చచ్చాను."

ఆయన టై వదులు చేసి తల మీదుగా తీశాడు. కోటు విప్పి, మడత పెట్టి, జాగ్రత్తగా సంచిలో పెట్టాడు. దాని మీద తన కార్డు వేశాడు. ప్యాకెట్ అందుకుని, మూత కొంచెం ఎత్తి లోపలికి చూశాడు.

"లెగ్ పీసున్నది ఇయ్యన్నా. ఇంగ్లీషు మాట్లాడినోణ్ణి."

లింగస్వామి ప్యాకెట్ మార్చి ఇచ్చాడు. తర్వాత సంచి మూతి ఇంకాస్త వెడల్పు చేసి స్వర్ణ ముందుకు జరిపాడు.

స్వర్ణ కదల్లేదు. వెనక లైన్లో వాళ్లు గొణుగుతున్నారు. మణెమ్మ తన ప్యాకెట్ అడుగున చెయ్యి పెట్టి చూసింది. ఇంకా గోరువెచ్చగానే ఉంది.

"ఇయ్యి బిడ్డా," అంది మెల్లగా. "సల్లారితే ముక్క గట్టిపడ్తది."