ఇసక్కిరాజాకు రుచి తెలిసింది, పాపం!

సిగరెట్ మానకండి! మానితే డాక్టర్లు చెప్పినవన్నీ నిజంగానే జరిగిపోతాయి. నమ్మకపోతే ఎట్టయాపురం పక్క నల్లరేగడి రైతు ఇసక్కిరాజాకు పట్టిన గతి చూడండి.

వేళ్ల మధ్య సిగరెట్, గొంతులో దగ్గు. హాయిగా బతుకుతున్న మనిషి! కోవిల్‌పట్టి డాక్టరమ్మ ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "మానేస్తే ఊపిరి తిరిగొస్తుంది, వాసన తెలుస్తుంది, నాలుకకు రుచి వస్తుంది" అని ఆశపెట్టింది. అమాయకుడు, మానేశాడు!

ముందు ఊపిరి వచ్చింది. దాంతో హోదా పోయింది. అంతకుముందు ఆయన దగ్గితే చాలు, ఎవరో ఒకరు కుర్చీ వేసేవాళ్లు. ఇప్పుడేమో బావమరిది మహేంద్రన్ ట్రాక్టర్ మీంచి కేకేశాడు.

"బావా, మీకి ఇప్పుడు దమ్ము బాగుండాదే! రాండి, ఈ మక్కజొన్న మూటలు దించుదాం!"

దించాడు. తప్పించుకుందామని ఎంత ప్రయత్నించినా, ఒక్క దగ్గు వస్తే ఒట్టు!

తరవాత ముక్కు మేలుకుంది. మధ్యాహ్నం కోవిల్‌పట్టి బస్సులో ఎన్ని చంకలుంటాయో మీకు తెలుసా? ఆయనకు తెలిసింది! అంతలో కిటికీలోంచి వేరుసెనగ మిఠాయి పాకం వాసన కొట్టింది. దిగాల్సిన చోటు రాకముందే దూకేసి, ఒక పొట్లం అక్కడే తిని, ఇంకోటి పెళ్లానికి కట్టించుకుని, తనలో తాను నవ్వుకుంటూ ఇల్లు చేరాడు.

ఆ పూటే నాలుక కూడా లేచి కూర్చుంది. అన్నంలో వంకాయ కొళంబు, అదే మన పులుసు, కలిపి మొదటి ముద్ద నోట పెట్టుకోగానే గావుకేక.

"ఏమే వల్లీ! ఇది కొళంబా, తూత్తుకుడి సముద్రమా? ఇంత ఉప్పా?"

భార్య వల్లియమ్మాళ్ గరిటె పక్కన పెట్టింది.

"దినమూ ఇదే ఉప్పు. సప్పగా ఉండాది, ఇంకా వెయ్యి అని అరిచింది ఎవరు? డాక్టరమ్మ నన్ను ఉప్పు తగ్గించమనె. బీపీ మాత్ర ఇచ్చె."

"మరి తగ్గించలేదా?"

"మీరు తట్ట తోసేసి లేస్తారని తగ్గించలే."

చూశారా! సిగరెట్ ఆయనది, మొద్దుబారిన నాలుక ఆయనది, బీపీ మాత్రం ఆవిడది!

ఇసక్కిరాజా కంచం తోయకుండానే లేచి వంటింట్లోకి వెళ్లి, కొళంబులో చెంబుడు నీళ్లు గుమ్మరించి పొయ్యి వెలిగించాడు.

"అయ్యో, అన్ని నీళ్లా? బాగుండదు!" ఆవిడకు నవ్వు ఆగలేదు.

"ఉండకపోనీ. ఇద్దరం సప్పగానే తిందాం."

కాబట్టి పొగరాయుళ్లారా, మానకండి! నిశ్చింతగా పొగ వదులుతూనే ఉండండి. మానేశారంటే, మీ కోసం ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరు ఏం మింగారో మీ నాలుకకే తెలిసిపోతుంది!