శ్రీమతి నిద్రా సంరక్షణ సంగ్రామము

పట్టాల మీద తిరుగు దేవతలెవరైనా ఉన్నచో వారికిదే నా నమస్కారము. పచ్చజెండాకు నమస్కారము. గార్డుగారి ఈలకు నమస్కారము. రాత్రంతయు ఊయలవలె ఊపుచు, కాస్త కన్నంటుకొనబోవు సమయమున మెట్ల మీద బిందె దొర్లించినట్లు దడదడలాడించు చక్రములకు వేయి నమస్కారములు.

పగలెల్ల వెలిగి వెలిగి విసిగిన సూర్యుడు దుకాణము కట్టివేసి ఇంటికేగగా, ప్లాట్‌ఫారము మీది గొట్టపు దీపములు ఆరాలా వెలగాలా యని తేల్చుకొనలేక రెప్పలల్లార్చుచుండగా, పెట్టెలు నెత్తికెత్తుకొన్నవారును, పిల్లలను చంకకెత్తుకొన్నవారును “జరగండి జరగండి” యను రణనినాదముతో ఒకరి పాదము నొకరు త్రొక్కుచుండగా, ఆ జనసముద్రమధ్యమున ఒక మహావీరుడు చేత టికెట్టు ధరించి నిలిచెను. ఆతడు సకలపట్టణప్రజాదృష్టిప్రదాత! సోడాబుడ్డికటకఘర్షణధురంధరుడు! నాసికాగ్రఫ్రేమస్థాపనాచార్యుడు! అనగా కళ్ళద్దాల కొట్టువాడు. ఎవరయ్యా ఆ వీరుడందురా? గడ్డము గీసుకొనునప్పుడు రోజూ అద్దములో నాకు ఎదురుపడువాడే. కావున వాని పరాక్రమమును రెండాకులు ఎక్కువ చెప్పినచో మన్నింపుడు. తక్కువ చెప్పుటకు కూడ నా యొద్ద కావలసినంత సరుకున్నది.

వాని వెంట వాని ధర్మపత్ని కలదు. ఆమె మా పట్టణపు బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుండి బస్సుల రాకపోకలు ప్రకటించునది. ఎంత కోపముతో నిలబడిన ప్రయాణికుడైనను, “బస్సు ఆలస్యంగా నడుస్తోంది” అని ఆమె చెప్పినచో, పోనీలెమ్మని తిరిగి బెంచీ మీద కూర్చుండును. ఆ గొంతు వినుటకే కదా మన వీరుడు పెండ్లికి ముందు తన కొట్టును ఎక్కువ అద్దెకు బస్‌స్టాండు ఎదుటికి మార్చినది! అట్టి గొంతు ఎట్లో రేడియోవారి చెవిని బడెను. వార్తలు చదువు పరీక్షకు రమ్మని పిలుపు వచ్చెను. రాత్రి రైలెక్కి, తెల్లవారి దిగి, ముఖము కడుగుకొని నేరుగా మైకు ముందుకు పోవలెను.

చిక్కు ఒక్కటే. ఆ గొంతుకు నిద్ర కావలెను. ఒక్క రాత్రి నిద్ర చెడినదా, మరునాడది పగిలిన కుండలో కంకర పోసినట్లుండును. అట్లయినచో రేడియో లేదు, వార్తలు లేవు, ఆమె పన్నెండేండ్ల కోరిక బస్‌స్టాండు మైకులోనే ఉండిపోవును. రాత్రి రైలెక్కుటయా, ఇరువురికిని అదే మొదలు.

బయలుదేరు వేళ వీరునికి ఉపదేశము జరిగెను. చేసినవాడు అక్కగారి భర్త. జీవితమున రెండు పర్యాయములు రాత్రి రైలెక్కి దిగిన అనుభవశాలి.

“చూడు బామ్మర్దీ, రాత్రి రైలంటే ఆషామాషీ కాదు. మూడు ముక్కలు గుర్తుపెట్టుకో. చెప్పులు తలగడ కింద పెట్టుకో, లేకపోతే తెల్లారేసరికి ఉండవు. ఎక్కడ దిగుతున్నావని ఎవడడిగినా చెప్పకు, దొంగలు మాట కలిపేది ఆ ప్రశ్నతోనే. ఇక అసలుది, కన్ను మూశావా, ఊరు దాటిపోతుంది. నేనోసారి కునుకు తీసి ఊరుగాని ఊళ్ళో పళ్ళు తోముకున్నాను.”

“సరే బావగారూ,” అనెను వీరుడు, మంత్రోపదేశము పొందినవానివలె.

రైలు కదిలెను. పై బెర్తు శ్రీమతిది, క్రింది బెర్తు వీరునిది, ఎదుటి క్రింది బెర్తు మీద ఊలు అల్లుకొనుచున్న ఒక పెద్దావిడది. నిచ్చెన మెట్లెక్కి శ్రీమతి తన శయ్యాదుర్గమును చేరి దుప్పటి కప్పుకొనెను. అప్పుడు వీరుడు చెప్పులు విడిచి, బావగారి మాట ప్రకారము తలగడ క్రింద దాచి, లేచి నిలిచి, మధ్య బెర్తుకు నెత్తి కొట్టుకొని, ఆ నెత్తినే తడుముకొనుచు ఇట్లు ప్రతినబూనెను:

“ఓ మధురస్వరమంజూషా! ఓ వాహనాగమననిర్గమనప్రకటనసరస్వతీ! నిశ్చింతగా నిద్రింపుము! ఈ రాత్రి నా రెప్ప వాలినచో నా కొట్టులోని అద్దములన్నియు బీటలువారుగాక! మనము దిగవలసిన ఊరు ఏ చీకటిలో దాగి, ఏ మూల నుండి జారిపోజూచినను, జుట్టు పట్టి నిలిపి నీ పాదముల ముందు పడవైచెదను!”

నిజము చెప్పవలెనన్న వాడన్నది, “నువ్వు పడుకో, నేను చూసుకుంటాగా.” కాని భావము అదియే.

దీపములార్పిరి. మొదటి గండము వెంటనే వచ్చెను. రైలు చక్రములు కీచుమనుచు నిలిచెను. వీరుడు కిటికీకి ముక్కు ఆనించి చూచెను. బయట మసకచీకటిలో ఒక పసుపుపచ్చ బోర్డు, దాని మీద నల్లని అక్షరములు. ఇంకేమి! పై బెర్తు వైపు చేయి చాచి ఆమె పాదము పట్టి ఊపెను.

“లే లే! ఊరొచ్చింది!”

ఆమె తుళ్ళిపడి లేచి, పెట్టె లాగుకొని, నిచ్చెన దిగి, ఒక చెప్పు వేసికొని, రెండవది వెదకుచుండగా రైలు కొంచెము ముందుకు జరిగెను. బోర్డు కిటికీకి ఎదురుగా వచ్చెను. దాని మీద “త్రాగునీరు” అని ఉండెను.

“ఏవండీ, ఇప్పుడేగా ఎక్కాం. అప్పుడే ఊరెలా వస్తుంది?”

“జాగ్రత్త పడటంలో తప్పులేదుగా,” అనెను వీరుడు.

రెండవ గండమున అతడు మరింత జాగరూకుడయ్యెను. కళ్ళజోడు తుడిచెను. పెట్టెకు చుట్టిన గొలుసును తడిమెను. మరల రైలు నిలిచినప్పుడు గోడ మీద పెద్ద అక్షరములు కనబడగానే మరల పాదము పట్టి ఊపెను. శ్రీమతి మరల దిగెను. కిటికీలో నుండి ఆమెయే చూచి, చదివి, నెమ్మదిగా పలికెను.

“ఏవండీ, మనం ‘ఉమ్మివేయరాదు’ దాకా టికెట్ తీసుకోలేదు కదా?”

ఊరందరి చూపును సరిచేయు మహానుభావుడు! ఎదురుగోడకు వ్రేలాడు చార్టులో అడుగువరుస చదువలేనివానిని చూచి ప్రతిదినము నవ్వుకొనువాడు! తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడందురు. ఆ రాత్రి వాని తల తన్నినది ఒక మున్సిపాలిటీ గోడ.

మూడవ పర్యాయము రైలు అసలు నిలువనేలేదు. వంతెన మీద ధడధడలాడుచు పోవుచుండగా, “ఆగకుండా పోతోంది, మనం దిగాల్సిన ఊరే అయ్యుంటుంది!” అని వీరుడు గావుకేక పెట్టెను. పెద్దావిడ ఊలుబంతి జారి క్రిందపడెను.

“నది మధ్యలో ఎవరైనా దిగుతారా బాబూ?” అనెను ఆవిడ.

శ్రీమతి ఏదో చెప్పబోయెను. మాటతో పాటు చిన్న జీర వినబడెను. తీగ మీద గోరు గీసినట్లు, ఉండీ లేనట్లు. మరొకరైనచో గమనింపరు. ఆ గొంతునకై అద్దె ఎక్కువ కట్టినవాడు గమనింపకుండునా? అయ్యలారా, ఇచ్చట సమాసములు నాకు తోచుటలేదు. నాకు భయమేసినది, అంతే. ఆ నిద్రకు శత్రువులు ఎవరెవరో వత్తురని చీకటంతయు గాలించితిని. శత్రువు క్రింది బెర్తులోనే కూర్చుండి ఉన్నాడు.

వీరుడు తల వంచుకొని కూర్చుండెను. ఎదుటి బెర్తు మీద పెద్దావిడయు, క్రిందికి దిగివచ్చిన శ్రీమతియు ఒకరి చెవిలో ఒకరు ఏదో గుసగుసలాడిరి. శ్రీమతి నోటికి చేయి అడ్డముంచుకొని నవ్వెను. తరువాత వచ్చి వాని ప్రక్కన కూర్చుండి, బుజ్జగించు స్వరముతో పలికెను.

“ఏవండీ, ఇక్కణ్ణుంచి మీకు బోర్డులు సరిగ్గా కనపడటంలేదు. తలుపు దగ్గర నిలబడితే ప్రతి ఊరూ మీ ముందు నుంచే పోవాలి కదా. ఇంక మీ కన్నుగప్పి ఎక్కడికి పోతుంది?”

“అదీ నిజమే!”

“కానీ ఒక్క మాట. బోర్డు మొత్తం చదివి, కిందా మీదా చూసుకుని, ఎవరినైనా అడిగి, అప్పుడు లేపండి నన్ను. అందాకా ఇటు రావద్దు. కోట తలుపు వదిలేస్తే ఎలా?”

కోట తలుపు! ఆ మాటతో వీరునికి నూరేనుగుల బలము వచ్చెను. చెప్పులు తలగడ క్రిందనే ఉండిపోవుట కూడ మరచి, ఉత్తకాళ్ళతో నడవలో నడచి, నిదురించువారి మోచేతులకును మోకాళ్ళకును తగులుచు, ప్రతివారికి “సారీ” యని సమర్పించుచు ద్వారదేశమును చేరెను.

అచ్చట దుప్పట్లు పంచు అటెండెంటు తన దుప్పట్ల మూటల నడుమ నడుము వాల్చి ఉండెను.

“సార్, తలుపు దగ్గర ఏం చేస్తున్నారు? ఎక్కడ దిగాలి మీరు?”

బావగారి రెండవ మంత్రము వీరుని చెవిలో గింగురుమనెను. ఇతడు ఆ ప్రశ్నతోనే మాట కలుపుచున్నాడు!

“అది చెప్పకూడదు.”

“చెప్తే నేనే లేపుతాను కదా సార్. నా పనే అది.”

“ప్రాణం పోయినా చెప్పను.”

అటెండెంటు వానిని ఎగాదిగా చూచి, దుప్పటి తల మీదికి లాగుకొనెను.

ఇక చూడవలెను ఆ రాత్రి జరిగిన యుద్ధమును! చలిగాలి శరపరంపరలవలె కిటికీ సందులలో నుండి దూసికొనివచ్చి వాని గొంతు మీద పడుచుండెను. రెండు బోగీలు కలియుచోట ఇనుపరేకులు పండ్లు నూరుచుండెను. మరుగుదొడ్డి తలుపు గడియ ఊడి, రైలు వంగినప్పుడెల్ల టపాలున తెరచుకొని వాని వీపున గుద్దుచుండెను. అయినను వాడు చలింపలేదు. రైలు ఎచ్చట నిలిచినను తలుపు తెరచి మెడ చాచి, టీ అమ్మువానిని, పట్టాలు తట్టి చూచువానిని, బెంచీ మీద పడుకొన్నవానిని, “ఏ ఊరండీ ఇది?” అని ఎలుగెత్తి అడిగెను. అడిగిన ప్రతిచోట జవాబు వచ్చెను. ఏ జవాబును వాడు దిగవలసిన ఊరు కాదు. బెంచీ మీదివాడు మాత్రము ఊరి పేరు చెప్పక మరేదో చెప్పెను. దానిని ఇచ్చట వ్రాయుటకు వీలులేదు.

అట్లు అడిగి అడిగి, చలి మ్రింగి మ్రింగి, తూర్పు తెల్లబడునప్పటికి వాని గొంతు పిల్లి గొంతై, పిల్లి గొంతు గాలియై, గాలి కూడ కరవయ్యెను.

అంతలో పట్టాలు ఒకటి పదియై విడిపోయెను. ఇండ్లు దగ్గర దగ్గరగా వచ్చెను. రైలు నెమ్మదించి నెమ్మదించి నిలిచెను. వీరుడు బోర్డు చూచెను. కళ్ళజోడు తీసి తుడిచి మరల చూచెను. క్రింద చదివెను, మీద చదివెను. అదే! తాము దిగవలసిన ఊరే! చిక్కినది దొంగ!

నడవలో పరుగెత్తిపోయి, శ్రీమతి పాదము పట్టి ఊపి, సింహనాదము చేయుటకు నోరు తెరచెను. “హ్హ” మాత్రము వచ్చెను. కావున రెండు చేతులతో అభినయించుచు పెట్టెను లాగెను, గొలుసు చిక్కును విప్పలేక పండ్లతో కొరికెను, కిటికీ వైపు చూపి, రైలు కదలిపోవునన్నట్లు చేతులతో చక్రములు త్రిప్పెను.

శ్రీమతి తీరికగా ఒళ్ళు విరుచుకొనెను. పెద్దావిడ తీరికగా ఊలు మడిచి సంచిలో పెట్టుకొనెను. బోగీలో ఎవ్వరికిని తొందర లేదు.

“ఎక్కడికి కదులుతుందండీ?” అనెను శ్రీమతి. “ముందు పట్టాల్లేవు.”

వీరుడు ప్లాట్‌ఫారము మీదికి దిగి చూచెను. నిజమే. ఇంజను ముందర ఒక ఇనుపదిమ్మె, దాని వెనుక గోడ, గోడ వెనుక ఊరు. అది రైలుకు చివరి స్టేషను. ఎవడు నిద్రపోయినను, ఎవడు మేలుకొన్నను, రైలు అచ్చటికే వచ్చును, అచ్చటనే ఆగును. అంతేకాదు. తాను రాత్రంతయు పట్టుకొని వ్రేలాడిన తలుపు ప్రక్కనే, బోగీ మీద, ఈ రైలు ఎచ్చటి నుండి ఎచ్చటి వరకు పోవునో పెద్ద పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. లోకములోని గోడలన్నియు చదివినవాడు తన బోగీ బోర్డు చదువలేదు. దీపము క్రింద చీకటి యనగా ఇదియే.

“రాత్రే చెప్పాను బాబూ అమ్మాయికి,” అనెను పెద్దావిడ దిగుచు. “మీకు మాత్రం చెప్పొద్దంది.”

వీరుడు భార్య వైపు చూచెను. ఆ చూపులో చదువుకొనదగినంత ప్రశ్న ఉండెను.

“చెబితే మీరూ పడుకునేవారు,” అనెను ఆమె. “పడుకుంటే గురక పెట్టేవారు. రైలు చప్పుడుకైనా నిద్రపోతాను గానీ ఆ గురకకి నావల్ల కాదు. ఇప్పుడు చూడండి, మీరు అటు వెళ్ళాక ఒక్క కునుకు కూడా చెడలేదు. కాపలా కాస్తానన్నారుగా, కాశారు.”

వాడు అప్పుడు విన్నాడు. మాటలను కాదు, గొంతును. జీర లేదు. గీత లేదు. బస్‌స్టాండు ఎదుటి కొట్టులో కూర్చుండి తొలిసారి విన్ననాటి గొంతు. సోడాబుడ్డి అద్దముల వెనుక వీరుని కన్నులు చెమ్మగిల్లెను, రాత్రి చలికే అని వాడు ఇప్పటికిని వాదించును.

శ్రీమతి పెట్టె క్రింద పెట్టి, జుట్టు సవరించుకొని, ఎదుట లేని మైకు వైపు కొంచెము వంగెను.

“వార్తలు. చదువుతున్నది ఆయన భార్య. ముందుగా ముఖ్యాంశాలు. తాము దిగాల్సిన ఊరు చీకట్లో పారిపోకుండా ఒక కళ్ళద్దాల వ్యాపారి రాత్రంతా తలుపు దగ్గర నిలబడి విజయవంతంగా అడ్డుకున్నారు. ఈ ఘటనలో ఊరికి ఎలాంటి నష్టమూ జరగలేదు. వ్యాపారి గొంతు మాత్రం కనిపించడంలేదు, గాలింపు కొనసాగుతోంది. ఆయన చెప్పులు ఇంకా తలగడ కిందే ఉన్నట్టు ఇప్పుడే అందిన సమాచారం. వార్తలు ఇంతటితో సమాప్తం.”

బరువు మోయుచున్న కూలీ ఒకడు ఆగి చివరి వరకు విని మరీ కదలెను. వీరుడు క్రిందికి చూచెను. రెండును ఉత్తకాళ్ళే. గిరుక్కున వెనుదిరిగి, దిగువారిని త్రోసికొని ఎక్కి, తలగడ ఎత్తి చూచి, రెండు చేతులలో రెండింటిని పైకెత్తి పట్టుకొని ద్వారమున నిలిచెను.

వినుడు లోకులారా! గొంతులు రెండింటిలో దక్కవలసినది దక్కెను. చెప్పులు మాత్రము రెండును దక్కెను.