ఇరవై నాలుగో వాయిదా

ఉంగరం వేలికి సంబంధించిన విషయం కాదని, జీతానికి సంబంధించిన విషయమని ఆ ఆదివారం ఉదయం తొమ్మిదికల్లా మా ఇంట్లో నిర్ధారణ అయిపోయింది. ఇంకా తేలనిది, ఎన్ని నెలల జీతం అన్నదే. మా ఆయన ఒక నెల అంటారు. ఆయన చెల్లెలు మూడు నెలలంటుంది. (జీతం ఆవిడది కాదు.) లిఫ్టులు బాగుచేసే మా అబ్బాయి, రెండు నెలలని ఎక్కడో చదివానన్నాడు. ఎక్కడరా అంటే, నగల దుకాణం వాళ్ల కరపత్రంలోనట. మన పాదం ఎంతుండాలో చెప్పుల కొట్టువాడు నిర్ణయించినట్టుంది అన్నాను. ఎవరూ వినలేదు. గంట నుంచీ వినడం లేదు కనుక నాకేమీ కొత్తగా అనిపించలేదు.

వాడి నిశ్చితార్థం వచ్చే ఆదివారం. అబ్బాయి దగ్గర ఉన్నది నలభై వేలు. అందులో నాలుగు వేలు బండి టైర్లకు పోవాలి. (టైర్లు లేకపోతే నిశ్చితార్థానికి బండి తోసుకుంటూ వెళ్లాలి.) నచ్చిన ఉంగరం అరవై వేలు. అప్పు చేయనని వాడి పంతం. ఉత్త చేతులతో చేసుకోబోయే అమ్మాయి ముందు నిలబడనని ఇంకో పంతం. ఈ రెండు పంతాల మధ్య ఉన్న ఖాళీ స్థలాన్ని వ్యాపారులు 'సులభ వాయిదా' అంటారు. వాయిదా అంటే అప్పు కాదని దుకాణం వాళ్ల యాప్ వాడికి స్వయంగా చెప్పిందట.

ఆ యాప్ వాణ్ణి మరికొన్ని విషయాలు కూడా అడిగింది. ప్రేమ వయసు ఎంత, నెలల్లో. ప్రస్తుత నెలసరి ఆదాయం. రాబోయే అయిదేళ్లలో మనసు మారే అవకాశం: తక్కువ, మధ్యస్థం, ఇతరములు. వాడు నిజాయితీగా అన్నీ నింపాక, మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది, దయచేసి కుటుంబంతో సహా స్వయంగా రండి అని చెప్పింది. స్వయంగా రమ్మని చెప్పడానికే ఈ యాప్ తయారుచేశారని అప్పుడర్థమైంది.

దుకాణం నాలుగు అంతస్తులు. మొత్తం సొమ్ము ఒకేసారి కట్టేవాళ్లకు కింది అంతస్తు. అక్కడ సోఫాలు, చల్లటి గాలి, అడగకుండానే ఇచ్చే టీ. బడ్జెట్ తగ్గేకొద్దీ మనిషి పైకి వెళ్తాడు. 'పరిమిత బడ్జెట్ వినియోగదారుల గౌరవ విభాగం' నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు మూడు దాకానే వెళ్తుంది. మా అబ్బాయి లోపల నిలబడి బటన్ల వైపు కాసేపు చూసి, నాలుగో బటనుకు ముందు వైరు వేసి, తర్వాత కావాలనే పీకేశారని చెప్పాడు. వాడి గొంతులో ఉంగరం బాధ కంటే వృత్తి బాధ ఎక్కువగా వినిపించింది.

కాబోయే కోడలు మెట్ల దగ్గర కలిసింది. ఆ అమ్మాయి పళ్ల ఆసుపత్రిలో కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. పైకి వెళ్లాక అద్దాల పెట్టెలో ఉన్న ఆ అరవై వేల ఉంగరాన్ని వంగి చూసి, నా చెవిలో చెప్పింది.

"ఇంతకంటే ఎక్కువ లోహం రోజూ ఒక్కో ముసలాయన నోట్లో పెడుతున్నాను అత్తయ్యా. నాకిది లేకపోయినా పర్లేదు. పనిలో ఎటూ తీసి పక్కన పెట్టాల్సిందే."

"ఆ మాట వాడికి చెప్పావా?"

"చెప్పాను. రెండు రోజులు అన్నం తినలేదు."

టోకెన్ నంబరు నూట పదకొండు. గంటంపావు తర్వాత వాయిదాల అధికారి మమ్మల్ని పిలిచాడు. చక్కగా దువ్వుకున్న తల, ఎదురుగా స్టాంపుల పెట్టె, పక్కనే చిన్న సీసాలో నూనె. నూనె ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

హామీదారు కావాలన్నాడు. హామీదారుకు ఉండవలసిన అర్హతలు రెండు: గతంలో ఇదే దుకాణంలో వాయిదాల మీద నిశ్చితార్థపు ఉంగరం కొని ఉండాలి. ఆ పెళ్లి ఇప్పటికీ నడుస్తూ ఉండాలి. మా ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇరవై తొమ్మిదేళ్ల క్రితం ఈ దుకాణం ఒకే గదిలో ఉన్నప్పుడు తను ఇక్కడే కొన్నానని, అదిగో ఆవిడ వేలికి ఉన్నది అదేనని నా చెయ్యి పట్టి బల్ల మీద పెట్టారు. (పెళ్లయ్యాక ఆయన నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.)

"పెళ్లి నడుస్తోందా?" అన్నాడు అధికారి.

"నడుస్తోందండీ," అన్నారు మా ఆయన.

"నేనడిగింది ఆవిడని."

నడుస్తోందన్నాను. అప్పుడప్పుడూ రిపేర్లు పడుతున్నాయన్నాను. అధికారి రెండోది రాసుకోలేదు.

తర్వాత కంప్యూటరులో చాలాసేపు వెతికి, లోపలి గదిలోంచి ఒక పాత రిజిస్టరు తెప్పించి, పేజీ మీద స్కేలు పెట్టి మరీ చదివాడు. మొత్తం ఇరవై నాలుగు వాయిదాలు. ముట్టినవి ఇరవై మూడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఆయన ఉద్యోగం నీళ్ల ఆఫీసులో. ఒక్క నెల బిల్లు కట్టకపోతే ఆ ఇంటికి వెళ్లి కుళాయి బిగించి వచ్చే పని ఆయనది. ఏడుస్తూ బతిమాలినవాళ్లకు కూడా, నియమం నియమమేనమ్మా అని చెప్పి వచ్చానని ఇంటికొచ్చి గర్వంగా చెబుతారు.

ఆ చివరి వాయిదా ఏమైందని అడిగాను. ఆయన నూనె సీసా వైపు చూశారు.

"అప్పటికి పెళ్లయిపోయింది కదా," అన్నారు.

అధికారి ముఖంలో ఏ మార్పూ లేదు. ఇలాంటివి ఆయన వారానికి రెండు చూస్తాడట. పద్నాలుగో నియమం చదివి వినిపించాడు. చివరి వాయిదా ముట్టేవరకూ ఉంగరం దుకాణం సొత్తు, ధరించినావిడ సంరక్షణలో ఉన్నట్టు లెక్క. అంతవరకూ ఆ నిశ్చితార్థం తాత్కాలికం. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ముప్పై రోజుల్లోగా ఆవిడ తన సమ్మతిని పునఃపరిశీలించుకోవచ్చు. బాకీ ఇప్పుడే పడేస్తానని మా ఆయన పర్సు తీశారు. ఆ సొమ్ము ఇప్పటి లెక్కలో రెండు టీలకు కూడా రాదు. కానీ దాన్ని కట్టించుకునే కౌంటరును పద్దెనిమిదేళ్ల క్రితమే ఎత్తేశారట. కట్టడానికి వీల్లేదు, కట్టకుండా తీరదు.

ఉన్నది ఒకటే దారి. ఉంగరాన్ని వాపసు చేస్తే, కట్టిన ఇరవై మూడు భాగాలకూ ఈ రోజు ధర లెక్కగట్టి ఇస్తారు. ఎవరికి? ధరించినావిడకి. ఎంత? ఇరవై ఆరు వేల చిల్లర.

అబ్బాయి తన దగ్గర మిగిలే ముప్పై ఆరు వేలకు దాన్ని కలిపి చూసుకున్నట్టున్నాడు, ముఖం ఎర్రబడింది. "వద్దమ్మా," అన్నాడు. "నేనే ఏదో చేసుకుంటాను." వాడు అలా అన్నాక ఇక నేను ఆలోచించడానికేమీ మిగల్లేదు. చెయ్యి చాపాను. నూనె ఎందుకో అప్పుడు తెలిసింది. అమ్మే విభాగంలో ప్రతి బల్ల మీదా ఉంగరం ఊడదీసే నూనె ఉంచిన ఆ సంస్థ ముందుచూపును మెచ్చుకోకుండా ఉండలేం.

రావడానికి అది ఆరు నిమిషాలు తీసుకుంది. కోడలే నెమ్మదిగా తిప్పుతూ తీసింది. మొండి పళ్లు ఊడదీసే చోట పనిచేసే పిల్ల కదా, నొప్పి తెలియనివ్వలేదు. వేలి చుట్టూ తెల్లటి గాడి మిగిలింది. అధికారి నాకు రసీదిచ్చాడు. కొత్త ఉంగరాన్ని ఎర్ర డబ్బాలో పెట్టి వాడికిచ్చాడు. పూర్తి సొమ్ము కట్టినవాళ్లం కనుక కిందికి వెళ్లి టీ తాగవచ్చన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. కోడలు కూడా ఉంది. మా ఆయన పప్పులో ఉప్పు తగ్గిందన్న సంగతి చెప్పబోయి ఆగిపోయారు. అన్నాలు వడ్డించాక, రసీదు బల్ల మీద పెట్టి, గొంతు పెంచకుండానే చెప్పాను.

"వీడి ఉంగరం వచ్చేసింది, వచ్చే ఆదివారం కార్యక్రమం అనుకున్నట్టే జరుగుతుంది. ఇక నాది. నాకు ముప్పై రోజులు గడువుంది. ఆలోచించుకుందామనుకుంటున్నాను. ఈలోగా ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే తీసుకుంటాను. హామీదారు తప్పనిసరి."

మా ఆయన తన చెల్లెలి వైపు చూశారు. ఆవిడ అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అంది.

"అన్నయ్య గురించి నాకంతగా తెలియదు వదినా."