మూడు మస్టర్ల జ్వరం

మా బొగ్గుబాయి కాలనీ ఎఫ్ లైన్, పదిహేడో నంబరు క్వార్టర్‌లో నివసించు చిరంజీవి చింటూకు, వయసు మూడేళ్ల రెండు నెలలు, గత నెల రెండో ఆదివారం ఉదయం జ్వరం వచ్చినదని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. జ్వరం రావడం వింతేమీ కాదు. వానలు మొదలైతే మా కాలనీలో ప్రతి ఇంట్లో ఒక పిల్లో పిల్లవాడో మూలుగుతూనే ఉంటారు. కానీ ఆ జ్వరాన్ని నడిపించిన పద్ధతి దేశమంతా నేర్చుకోదగినది. అందుకే కాలనీ సంక్షేమ సంఘం సంయుక్త కార్యదర్శి హోదాలో నేను, మల్లన్న అనువాడిని, ఈ నివేదిక రాస్తున్నాను.

ఆ ఇంటి పెద్ద బుచ్చిరాములు, చింటూకు తాత. ముప్పై నాలుగేళ్లు బాయిలో పనిచేసి సర్దార్‌గా రిటైరయ్యాడు. సర్దార్ అంటే కార్మికులకన్నా ముందు గనిలోకి దిగి, గ్యాస్ ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసి పుస్తకంలో రాసేవాడు. ముందు షిఫ్టు సర్దార్ రాసింది చదివి సంతకం పెట్టనిదే బుచ్చిరాములు తన మనుషులను ఒక్క అడుగు కూడా లోపలికి వేయనిచ్చేవాడు కాదు. కొడుకు శ్రావణ్‌ది కూడా బాయి పనే. కోడలు జ్యోతిరాణి ప్రైవేటు బడిలో టీచరు. ముగ్గురికి ముగ్గురూ బాధ్యత తెలిసినవాళ్లు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

మనవడి ఒళ్లు కాలుతోందని తెలియగానే బుచ్చిరాములు అందరిలా కంగారు పడలేదు. గోడ మీది క్యాలెండరు తీసి, దాని వెనుక డ్యూటీ చార్టు గీశాడు. పొద్దున ఏడు నుంచి మూడు వరకు మొదటి షిఫ్టు తనది. మూడు నుంచి పదకొండు వరకు రెండో షిఫ్టు కోడలిది. అక్కడి నుంచి తెల్లారేదాకా కొడుకుది. జ్వరం ఎవరి షిఫ్టులో దిగితే పేరు వాళ్లదే.

మందు డబ్బా మీద "రోజుకు నాలుగుసార్లకు మించి ఇవ్వరాదు" అని రాసి ఉంది. మామూలు జనం ఇలాంటి వాక్యం దగ్గర తడబడతారేమో గానీ బొగ్గుబాయి వాళ్లం తడబడం. మాకు రోజంటే మస్టర్, అంటే హాజరు. ఒక షిఫ్టు చేస్తే ఒక మస్టర్, ఒక మస్టర్ పడితే ఒక రోజు. జీవితమంతా అలాగే బతికిన మనిషికి మూడు షిఫ్టులంటే మూడు రోజులే కదా. కాబట్టి షిఫ్టుకు నాలుగుసార్లు పోయాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. ఆదివారం పనికి డబల్ మస్టర్ కనుక ఆ ఒక్కరోజు ఎనిమిదిసార్లు పోయాలని కూడా పెద్దాయన ప్రతిపాదించాడు.

"డబల్ వద్దు మామా, పిల్లగాడు ఆగమైతడు" అని జ్యోతిరాణి అడ్డుపడింది. క్రమశిక్షణకు ఇంటింటా ఇలాంటి ఆటంకాలు ఉంటాయి.

ఏ షిఫ్టు సామాను ఆ షిఫ్టుదే. తాత దగ్గర ఫ్రిజ్ తలుపులో ఎప్పటిదో గులాబీ రంగు సీసా ఉంది. కోడలు తోటి టీచరమ్మ చెప్పిన నారింజ రంగు సీసా తెప్పించింది. కొడుకు తండ్రిని వెంటబెట్టుకుని బజారుకు పోయి "జర స్ట్రాంగ్‌ది" అని అడిగి ఎర్ర సీసా తెచ్చుకున్నాడు. మూడు రంగులు, మూడు రుచులు, మూడు పేర్లు. కనుక ఇవి మూడు మందులని, ఒకటి ఓడిపోతే ఇంకొకటి గెలుస్తుందని ఇంటిల్లిపాదీ నమ్మారు. మూడింటి మీదా పెద్ద పేరు కింద చీమ తలకాయంత అక్షరాలతో ఒకే మాట, పారాసిటమాల్ అని, అచ్చయి ఉంది. అంత చిన్నగా వేశారంటే అది చదవాల్సినది కాదనే కదా ఎవరైనా అనుకునేది.

మందుతో పాటు గీతలున్న చిన్న కొలత గిన్నె కూడా ఇస్తారని పాఠకులకు తెలుసు. ఆ గిన్నె ఈ ఇంట్లో పోలేదు. చక్కగా వాడుకలోనే ఉంది. బుచ్చిరాములు సాయంత్రం పూట ఆరోగ్యం కోసం పుచ్చుకునే ద్రవాన్ని దానితోనే కొలుచుకుంటాడు. కొలత దాటితే లివర్‌కు ముప్పని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. అప్పటి నుంచి ఒక్క చుక్క ఎక్కువ కాకుండా, కళ్లద్దాలు పెట్టుకుని, గీత దగ్గర ఆపుతాడు. ఆ గిన్నె అలాంటి పెద్ద పనిలో ఉండటంతో చింటూకు మొదటి షిఫ్టులో టీ చెంచాతో, రెండో షిఫ్టులో ఉప్మా తినే చెంచాతో, మూడో షిఫ్టులో సీసా మూతతో పోశారు.

ఈ కార్యక్రమానికి విఘాతం కలిగించాలని చూసిన వ్యక్తి రుక్సానా. బజారులో బాబు మియా మెడికల్ షాపు ఉంది. రుక్సానా ఆయన కూతురు, ఫార్మసీ చదివింది. ఎర్ర సీసా కోసం తండ్రీకొడుకులు పోయినప్పుడు, డబ్బులు తీసుకుని మందు ఇవ్వాల్సిన అమ్మాయి ప్రశ్నలు వేసింది.

"పిల్లగాని బరువెంత తాతా?"

"పసిపోరని బరువు అడుగుతరా బిడ్డా? దిష్టి తాకది? నువ్వు మందియ్యి."

"ఇంట్ల ఇంకేమన్న పోసిండ్రా?"

వెనుక నలుగురు గిరాకులు నిలబడి ఉన్నారు. బాబు మియా వ్యాపారం తెలిసిన మనిషి. "అరే, ఇచ్చెయ్ బేటీ, పెద్దమనిషిని పరేషాన్ చెయ్యకు" అన్నాడు. అలా చదువు ఓడి గిరాకీ గెలిచింది.

సోమవారం పొద్దున పదకొండింటికి మా సంఘం పరామర్శకు బయలుదేరింది. పూర్వం జ్వరమొచ్చిన ఇంటికి బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకుపోయేవాళ్లం. మా అధ్యక్షుడు ఓంప్రకాశ్ గారు ఆ పాత పద్ధతిని రద్దు చేసి, జ్వరం మందు సీసాయే తీసుకెళ్లే కొత్త సంప్రదాయం పెట్టారు. మంచం పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! ఈ చిన్నారి ఒంటరివాడు కాడు. యావత్ కాలనీ అతని వెనుక ఉన్నది. ఈ జ్వరం బేషరతుగా దిగిపోయేదాకా మన పోరాటం ఆగదని ఈ సందర్భంగా హెచ్చరిస్తున్నాను!"

జ్వరాన్ని హెచ్చరించాక ఆయన తాను తెచ్చిన నీలం సీసా విప్పి, స్వహస్తాలతో ఒక చెంచా పోశారు. ఫోటో తీసింది నేనే. చింటూ మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది కూడా నేనే. గ్రూపులో పెట్టిన అరగంటలో ఎనభై మూడు మంది బొటనవేళ్లు చూపించారు. చెంచాలో ఏముందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నానికి చింటూ వాంతి చేసుకున్నాడు. పాలు వద్దన్నాడు. కార్టూన్ పెట్టి ఫోన్ చేతికిస్తే దాన్నీ పక్కకు నెట్టి, తాత భుజం మీద తల వాల్చేశాడు. బడి నుంచి సగంలో పరుగెత్తుకొచ్చిన జ్యోతిరాణికి, డ్యూటీ దిగి నల్లటి బట్టలతోనే వచ్చిన శ్రావణ్‌కు తోచింది ఒకటే: మందుకు బలం చాలడం లేదు. ఇంకా బలమైనది కావాలి. పిల్లవాణ్ని తాత ఎత్తుకోగా, సీసాలన్నీ సంచిలో వేసుకుని బాబు మియా షాపుకు నడిచారు. సంఘం తరఫున నేను కూడా వెంట వెళ్లాను.

ఈసారి రుక్సానా తండ్రి మొహం చూడలేదు. సీసాలను బల్ల మీద వరుసగా పెట్టింది.

"తాతా, అద్దాలు పెట్టుకో. గీ చిన్న అక్షరాలు సదువు."

బుచ్చిరాములు గులాబీ సీసా కూడబలుక్కుని చదివాడు. నారింజ సీసా చదివాడు. ఎర్ర సీసా చేతిలోకి తీసుకుని, చదవకుండానే కింద పెట్టేశాడు.

"అన్నీ ఒక్కటే మందు తాతా. పేర్లే వేరే. అందుల ఎర్రదాని డోసు ఎక్కువ. నిన్నటి సంది ఎన్నిసార్లు పోసిండ్రు?"

"షిఫ్టుకు నాలుగు."

"నువ్వు పోసింది అక్కకు ఎరికేనా? అక్క పోసింది అన్నకు చెప్పిందా?"

రుక్సానా వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒక్క పగలూ రాత్రిలోనే పన్నెండు. దాని మీద ఈ పొద్దుటి షిఫ్టువి, అధ్యక్షులవారిది ఒకటి.

"గిట్లయితే లివర్ ఖరాబైతది. ఇగ ఒక్క చుక్క గూడ పోయకుండ్రి. ఆటో పిలువుండ్రి, సీసలన్ని పట్టుకోని పెద్ద దవాఖానకు పోండ్రి. మంచిగైతడేమోనని ఇంటికాడ సూస్తా కూసోకుండ్రి."

లివర్ అనే మాట వినగానే బుచ్చిరాములు పిల్లవాణ్ని గట్టిగా హత్తుకున్నాడు. ఆయన కళ్ల ముందు ఆ గీతల గిన్నె కదిలి ఉంటుంది. "ముప్పై నాలుగేండ్లు పుస్తకం సదువకుంట ఒక్కణ్ని బాయిల దిగనియ్యలే బిడ్డా. నా మనుమని నోట్ల మాత్రం..." అని ఆగిపోయాడు. పాఠకులారా, ఈ నివేదికలో నేను వెటకారం చేయలేని చోటు ఇదే. నా జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఫోటోకు ఇంకా బొటనవేళ్లు వస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

దవాఖానలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "బాబు బరువెంత?"

"పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాములు" అన్నాడు బుచ్చిరాములు వెంటనే. కొడుకూ కోడలూ ఆయన వంక చూశారు. మొన్న మాఘంలో సమ్మక్క జాతరకు మనవడి ఎత్తు బంగారం మొక్కుకున్నాడు. మా దగ్గర తల్లికి ఇచ్చే బంగారమంటే బెల్లం. చింటూను కాంటా మీద కూర్చోబెట్టి, గ్రాము తేడా రాకుండా, రెండుసార్లు తూయించాడు. అప్పుడు దిష్టి తగలలేదు.

రక్తం పరీక్ష చేశారు. విరుగుడు మందు సెలైన్‌లో ఎక్కించారు. మళ్లీ పరీక్ష, మళ్లీ సెలైన్. "తొందరగ తెచ్చిండ్రు, బతికిపోయిండు. పోసినప్పుడు ఉమ్మేసేటోడా?" అని డాక్టరమ్మ అడిగింది. రాత్రి షిఫ్టులో సగానికి సగం ఉమ్మేశాడని శ్రావణ్ తల వంచుకుని చెప్పాడు. ఆ ఇంట్లో కొలత తెలిసినవాడు చింటూ ఒక్కడే అన్నమాట. నాలుగో రోజు చింటూ కళ్లు తెరిచి ఫోన్ ఇమ్మని గోల చేశాడు. పిల్లవాడు ఫోన్ అడిగినందుకు తల్లిదండ్రులు అంత సంతోషించడం నేనెక్కడా చూడలేదు.

తదుపరి ఆదివారం సంఘం అభినందన సభ జరిపింది. చింటూ కోలుకోవడానికి కాలనీ ఐక్యతే కారణమని ఓంప్రకాశ్ గారు నలభై నిమిషాలు వివరించారు. ఆయనకు శాలువా కప్పాం. రుక్సానాను పిలవడం మర్చిపోయాం.

బుచ్చిరాములు ఆ సభకు రాలేదు. ఇంట్లో మేకుకు ఒక నోటుబుక్కు వేలాడదీశాడని తర్వాత తెలిసింది. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, పోసినవారి సంతకం. కింద దారంతో కొలత గిన్నె కట్టాడు. దాన్ని చింతపండుతో ఏడుసార్లు తోమాడట. తన సాయంత్రం ద్రవం మాత్రం మానేశాడని కొందరు, అందాజుగా పోసుకుంటున్నాడని కొందరు అంటున్నారు.

రుక్సానా షాపు ముందర బోర్డు పెట్టింది: "పిల్లల బరువు, ఇంట్లో ఇదివరకు పోసిన మందు చెప్పనిదే జ్వరం మందు ఇవ్వబడదు." బోర్డు చాలా బాగా పనిచేసింది. కాలనీ వాళ్లమంతా రోడ్డుకు అవతలి షాపుకు పోవడం మొదలుపెట్టాం. అక్కడ ఏమీ అడగరు. ఏ రంగు కావాలని మాత్రం అడుగుతారు.

నిన్న మా మనవరాలు నాజూకుగా తుమ్మింది, ఒళ్లు కాస్త వెచ్చబడింది. నేనూ ఆ అవతలి షాపు నుంచే సీసా పట్టుకుని వస్తుంటే బుచ్చిరాములు ఎదురయ్యాడు.

"పిల్ల బరువెంత తమ్మీ?"

"పసిపిల్ల బరువు అడుగుతరా అన్నా? దిష్టి తాకది?"

ఆయనకు కోపం రాలేదు. "మొన్న సమ్మక్కకు ఎంత బంగారం తూపిచ్చినవ్?"

"పదకొండు కిలోల మూడు వందల యాభై" అన్నాను, ఆలోచించుకునే పని లేకుండా.

"రుక్సానకు గదే చెప్పు" అని ఆయన దారిన ఆయన పోయాడు.

నేను సీసా జేబులో పెట్టుకుని ఇంటికే వచ్చేశాను. రుక్సానా షాపులో గిరాకులు వింటుండగా బరువు చెప్పడం మర్యాద కాదు కదా. మా ఆవిడ అప్పటికే ఒక చెంచా పోసిందట. ఏ మందో నేను అడగలేదు. అది ఆమె షిఫ్టు.