తీతువు గుడ్ల పక్కన 214 నంబరు బిళ్ళ

ఆ సోమవారం తెల్లవారగట్ల వామనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కుంగిన నేల దాకా నడిచి, తీతువు గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయో లేదో చూసి, ఆరున్నరకల్లా గని ఆఫీసులో కూర్చోవాలి. మంథని నుంచి గోదావరిఖనికి వచ్చి టైం కీపరుగా చేరిన ఈ ఆరేళ్లలో ఆయన ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు.

కుంగిన నేల అంటే, కింద బొగ్గు తీసేసి వదిలిన చోట పైనున్న భూమి రెండు నిలువుల లోతుకు దిగబడిన జాగా. పగుళ్లలోంచి ఎప్పుడూ పల్చటి పొగ వస్తుంటుంది. చెప్పుల్లోంచి కూడా నేల వెచ్చగా తగులుతుంది. చుట్టూ మోదుగులు విరగబూసినా అటు ఎవరూ పోరు. తీతువు కూస్తే చావు కబురు వస్తుందని ఊరందరి నమ్మకం. అక్కడ పొగలో పిట్ట కనిపించదు, కూత మాత్రం చెవి పక్కనే వినిపిస్తుంది. మనుషులు రారు కనుక పిట్టలు వచ్చాయి, పిట్టలు వచ్చాయి కనుక వామనరావు వచ్చాడు. ఫాల్గుణం మొదలైనప్పటి నుంచి వారానికి మూడుసార్లు వచ్చి చూసి వెళ్తున్నాడు.

తీతువు గూడంటూ కట్టదు. వట్టి నేల మీద, గులకరాళ్ల మధ్య, ఆ రంగులోనే గుడ్లు పెడుతుంది. ఎక్కడ తన కాలే వాటి మీద పడుతుందోనని ఆయన గుడ్లున్న అయిదు చోట్లా గుర్తుగా పాత ఇత్తడి బిళ్ళలు పెట్టాడు. గనిలో దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ ఉంటుంది. దిగేటప్పుడు ఆఫీసులో తీసుకోవాలి, పైకొచ్చాక అప్పగించాలి. అప్పగించని బిళ్ళ అంటే పైకి రాని మనిషి అన్నమాట. నెల కిందట కొత్త బిళ్ళలు వచ్చాయి, నంబర్లు మాత్రం పాతవే. మూలన డబ్బాలో పడి ఉన్న పాతవాటిలోంచి అయిదు జేబులో వేసుకున్నప్పుడు ఆయన ఎవరినీ అడగలేదు.

ఆ ఉదయం 214 బిళ్ళ మాయమైంది. నాలుగు గుడ్లూ భద్రంగానే ఉన్నాయి. ఒకదాని మీద వెంట్రుకవాసి పగులు, లోపలి నుంచి సన్నటి కిచకిచ. ఇంకో గంట కూర్చుంటే పిల్ల బయటికి వస్తుంది. కానీ డ్యూటీ. వామనరావు ఉసూరుమంటూ ఆఫీసుకు నడిచాడు.

ఆఫీసు ముందు మొదటి షిఫ్టు మొత్తం నిలబడి ఉంది. ఇప్పపూలు ఏరుకోవడానికి వచ్చి పొగలో దారి తప్పిన సమ్మవ్వకు కుంగిన నేల మీద ఒక బిళ్ళ దొరికిందట. తెచ్చి, ఆ నంబరు మనిషి బిక్షం పెండ్లాం ఐలవ్వ చేతిలో పెట్టిందట. రెండు నెలల కిందట గనిలో కప్పు కూలినప్పుడు అందరికంటే చివర, ఒళ్లంతా దుమ్ముతో పైకొచ్చినవాడు బిక్షం. అప్పుడు నడిచింది పాత బిళ్ళలే. బిళ్ళ గనిలోనే ఉండిపోయి ఇప్పుడు నేల పగిలి పైకొచ్చిందంటే, ఆనాడు పైకొచ్చిందెవరు?

బిక్షం చుట్టూ నాలుగడుగుల జాగా ఖాళీ అయింది. ఐలవ్వ మొగుడి పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయని చూసుకుంది గానీ, దయ్యాలకు ఉప్పు రుచి తెలియదన్న మాట గుర్తొచ్చి ఇంత రాళ్ల ఉప్పు తెచ్చి అతని నోట్లో పోసింది. మూడు రోజులుగా జ్వరంతో నోరు చచ్చి ఉన్న బిక్షం చాలాసేపు నమిలాడు.

"ఏం తెలుస్తలేదే," అన్నాడు మెల్లగా.

జనం ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగారు. బిక్షం కూడా తన నుంచి తాను జరగడానికి చూశాడు. ఈలోగా కుంగిన నేల చూడటానికి పోయినవాళ్లు వగరుస్తూ వచ్చారు. అక్కడ ఇంకో నాలుగు బిళ్ళలున్నాయి, భయపడి ముట్టుకోలేదు, మన షిఫ్టు పోశంది కూడా ఉంది అని చెప్పారు. ఇప్పుడు బతికున్నారో లేదో తేలని మనుషులు అయిదుగురయ్యారు. వామనరావు నోరు తెరిచాడు, మేనేజరు గుర్తొచ్చి మూశాడు.

షిఫ్టులో పెద్దవాడైన ఎల్లన్న తవ్వి చూడాల్సిందేనన్నాడు. కింద ఎముకలుంటే కర్మ చేద్దాం, లేకుంటే గనిలో దిగుదాం అన్నాడు. పారలు లేచాయి. తన బిళ్ళ దొరికిన జాగాలో మొదటి పార తనదేనని బిక్షం పట్టుబట్టాడు.

"నన్ను నేనే తవ్వుకుంట, కాకా. వేరేటోళ్లు తవ్వితే నాకు మంచిగనిపియ్యది."

ఉద్యోగం పోతే పోయింది, ఆ పార గుడ్ల మీద పడకూడదని వామనరావు కుంగిన నేల దాకా వాళ్ల వెంట ఉరికాడు. పొగలో పిట్టలు తల మీద తిరుగుతూ కూస్తున్నాయి. బిక్షం పార ఎత్తేసరికి ఆయన అడ్డంగా కూలబడ్డాడు.

"ఆ బిళ్ళలు నేనే పెట్టిన. గుడ్ల కాడ గుర్తుకు. కింద ఎవ్వరు లేరు."

ఎల్లన్న పార దించి, ఆయన్ని నిదానంగా చూశాడు.

"అంటే మా పానాలు తీసుకపోయి పిట్టల పేర రాసినవా, పంతులూ?"

ఈ సంగతి ఇలా కూడా అర్థమవుతుందని వామనరావుకు ఎప్పుడూ తట్టలేదు. అంతలో పగిలిన గుడ్డులోంచి తడి పిల్ల ఒకటి బయటపడి, తూలుతూ లేచి నిలబడింది. బిక్షం దాన్ని చూసి బావురుమన్నాడు. కన్నీళ్లు నోట్లోకి జారాక, ఉప్పగా ఉన్నాయన్నాడు.

పారలు వెనక్కి వెళ్లాయి. సంగతి మేనేజరు దాకా పోలేదు. కానీ మర్నాటి నుంచి, గుడ్లన్నీ పిల్లలైపోయిన బిక్షం తప్ప మిగతా నలుగురూ పొద్దున్నే ఎవరి బిళ్ళ దగ్గర వాళ్లు గుడ్లు లెక్కపెట్టుకున్నాకే గనిలో దిగేవారు. ఇవి ఉత్త పిట్టలు, మీకూ వాటికీ సంబంధం లేదని వామనరావు రోజూ నచ్చజెప్పేవాడు. వాళ్లు మర్యాదగా వినేవారు.

ఎనిమిదో రోజు ఆయనే ముందు వచ్చాడు. పోశం బిళ్ళ పక్కన గుడ్లు లేవు, ముంగిస అడుగులు మాత్రం ఉన్నాయి. పొగ అవతల పోశం దగ్గు వినిపించింది. వామనరావు చప్పున బిళ్ళ తీసి, బిక్షం గుడ్లలోని పిల్లలు వెళ్లిపోయిన చోటికి అవతల ఈమధ్యే పెట్టిన కొత్త గుడ్ల పక్కన ఉంచాడు.

"జాగ మార్చినయేంది సారూ?" అన్నాడు పోశం.

"ఈ పిట్టలకు అలవాటే," అన్నాడు వామనరావు.

పోశం నాలుగూ లెక్కపెట్టుకుని, నిశ్చింతగా డ్యూటీకి దిగాడు. అతను పైకి వచ్చేదాకా వామనరావు ఆఫీసు కిటికీ వదల్లేదు.